పక్క సీటు అద్దాలు

"కనపడలేదంటున్నాడు కదా, ఇంకేం కావాలి మీకు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఈ మాట నేను చాలా స్టేషన్లలో విన్నాను. మోటారుసైకిలు మీద పోయేవాణ్ణి గుద్ది చంపిన ప్రతివాడూ ఇదే చెబుతాడు. కత్తితో పొడిచినవాడు కనపడలేదంటే వీపు పగలగొడతారు. చక్రాల కింద వేసినవాడు కనపడలేదంటే కుర్చీ వేసి మంచినీళ్లిస్తారు.

"చచ్చిపోయినాయన కోటు కావాలి," అన్నాను.

"మీకు చూపించాలని ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు. పొద్దున మీ పైఆఫీసరు ఫోను చేసి చెప్పాడు. ఇంకోసారి చెప్పించమంటారా?"

ఇన్‌స్పెక్టర్ మొహం గంటు పెట్టుకుని బీరువా తెరిచాడు.

"చూసుకోండి. సాయంత్రం ఫైలు కోర్టుకు పోతుంది. తప్పు మోటారుసైకిలు నడిపినవాడిదేనని రాశాను. నల్ల కోటు, లైటు లేదు, వేగం. మోటారుసైకిలు నేర్పే మాస్టారట! నలుగురికీ కనపడేట్టు నడపండని అందరికీ పాఠాలు చెప్పి, తను మాత్రం తెల్లారకముందే దొంగలాగా నల్లగా వచ్చాడు."

గొంతు పెంచే అన్నాడు. బయట బల్ల మీద మాస్టారి అక్క కూర్చుని ఉందని అతనికి తెలుసు.

డిటెక్టివుగా నన్ను పెట్టుకున్నది ఆమే. తమ్ముడు తిరిగి రాడని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె అడిగేది ఒక్కటే. వాడి చావు వాడి తప్పేనని రాయకూడదు. ఆ ముక్క కోర్టుకు పోతే మాస్టారు నడిపిన శిక్షణ మైదానానికి తాళం పడుతుంది. తనను తాను కాపాడుకోలేనివాడు మనకేం నేర్పాడని ఆయన శిష్యులే నవ్వుతారు. చచ్చినవాడి మీద నెపం వేయడం సులువు. వాడు లేచి వచ్చి జవాబు చెప్పడు.

నిన్న తెల్లవారుతుండగా మార్కెట్టు మలుపులో బ్రెడ్డు వ్యాను ఒకటి కుడివైపుకు తిరుగుతూ ఎదురుగా వస్తున్న మాస్టారిని గుద్దింది. ఈ పొద్దున వ్యాను ఓనరు తన మేనల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చి, వీడే నడిపాడని అప్పగించాడు. ఓనరుకు ఆ వ్యానూ, ఒక స్కూలు బస్సూ ఉన్నాయి. మేనల్లుడు నలభై ఏళ్లవాడు. నడిపింది తానేనని ఒప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కు పని తేలికైపోయింది.

కోటు బల్ల మీద పరిచాను. దళసరి నల్ల గుడ్డ. ముందు జిప్పు మెడ దాకా మూసే ఉంది. ఎడమ రొమ్ము మీద చిన్న ఎర్ర పట్టీ. వెనక్కి తిప్పాను. వీపు నిండా పెద్ద పసుపుపచ్చ త్రికోణం, వెలుతురు పడితే మెరిసే గుడ్డ, చేత్తో కుట్టింది. అది కిందినుంచి మెడ దాకా నిట్టనిలువునా రెండుగా చీలిపోయి ఉంది.

"వ్యాను ఈడ్చింది, అందుకే చిరిగింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఈడిస్తే గుడ్డ పీలికలవుతుంది. అంచు చూడండి, ఒక్క పోగైనా వేలాడుతోందా? ఇది కత్తెర. ఆస్పత్రివాళ్లు కోశారు."

"కోస్తే కోశారు."

"వెన్ను విరిగిన మనిషిని బోర్లా తిప్పి, వీపు మీద కోటు కోసే ఆస్పత్రి మీకెక్కడైనా తగిలిందా? వెల్లకిలా పడుకోబెట్టి గుండె మీద కోస్తారు. జిప్పు ముందుంటే జిప్పు లాగేవాళ్లు, కత్తెరతో పనే లేదు. ఈ పసుపు ముక్క ఆయన గుండె మీద ఉంది. జిప్పు వీపు మీద ఉంది."

ఇన్‌స్పెక్టర్ పగలబడి నవ్వాడు. "కోటు తిరగేసి తొడుక్కుంటాడా ఎవడైనా? డిటెక్టివ్ గారూ, మీరు ఇంటికెళ్లి కాస్త పడుకోండి."

నేను తలుపు తీసి మాస్టారి అక్కను లోపలికి పిలిచాను. ఆమె బల్ల మీది కోటును చూసింది. ఏడవలేదు. పళ్లు బిగించింది.

"మీ తమ్ముడు కోటు ఎలా తొడుక్కునేవాడమ్మా?"

"తిరగేసి. పసుపు ముక్క ముందుకు వచ్చేట్టు. మైదానంలో అందరూ నవ్వేవాళ్లు, వాడు లెక్కచేసేవాడు కాదు. 'అక్కా, నన్ను చంపేవాడు వెనకనుంచి రాడే. ఎదురుగా వచ్చి అడ్డం తిరుగుతాడు. వెనక ఎర్రలైటుంది, బండి వెనక సామాను డబ్బాకు మెరుపు పట్టీలున్నాయి. ముందు ఏముంది నాకు, ఒక్క లైటూ ఈ మొహం తప్ప?' అనేవాడు. వీపు మీద జిప్పు చెయ్యందదు కదా. నిన్న పొద్దున వేసింది నేనే. 'ఊపిరాడనివ్వవే' అని తిట్టి మరీ పోయాడు."

"ఈ సంగతి నిన్ననే చెప్పాల్సిందమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎవరడిగారు? నిన్నంతా నన్నడిగింది ఒకటే. మీవాడు తాగుతాడా, తాగుతాడా అని."

అతను తల తిప్పుకున్నాడు. నేను వదల్లేదు.

"పొద్దున ఓనరూ మేనల్లుడూ వచ్చినప్పుడు ఈ కోటు ఎక్కడుంది?"

"బల్ల మీదే ఉంది. అయితే?"

"అయితే ఏమీ లేదు. వ్యాను చూద్దాం పదండి."

వ్యాను స్టేషను వెనక గోడవార నిలబెట్టి ఉంది. పక్కనే మాస్టారి మోటారుసైకిలు ఇనపముద్దలా పడి ఉంది. ముందు దాని లైటు చూశాను. అద్దం పగిలింది కానీ బల్బు మిగిలింది. లోపలి తీగ తెగలేదు, స్ప్రింగులా సాగి వంకర తిరిగింది.

"వెలుగుతూ వేడిగా ఉన్న తీగే దెబ్బ తగిలితే ఇలా సాగుతుంది. ఆరిపోయి ఉన్నది పుటుక్కున తెగుతుంది. లైటు లేదని మీకెవరు చెప్పారు?"

"స్విచ్చి ఆపి ఉంది."

"బండిని ఎత్తి తెచ్చినవాడు ఆపి ఉంటాడు. పిలిచి అడగండి. అడగడానికి నోరు నొప్పా?"

"చూడండి, మర్యాద..."

"మర్యాద సంగతి తర్వాత. ఇటు రండి."

వ్యాను ముందరి ఇనప జాలీలో, సొట్టపడిన చోట, పసుపు పోగులు ఇరుక్కుని ఉన్నాయి. టార్చి వేశాను. పోగుల చుట్టూ ఇనుము మీద, ఆ మెరుపు గుడ్డ నుంచి రాలిన సన్నని పొడి తళుక్కుమంది. మాస్టారి రొమ్ము ఈ జాలీకి గుద్దుకుంది. వ్యాను లైట్లకు ఆ పసుపు త్రికోణం నిప్పులా మండి ఉండాలి. పైగా ఆయన బండి లైటు. ఇంత ఎదురుగా పెట్టుకుని చూడలేదంటే, ఆ సీట్లో కూర్చున్నవాడి చూపు ఎక్కడుంది?

డ్రైవరు సీట్లోకి ఎక్కాను. కుడిపక్క అద్దంలోకి చూశాను. రోడ్డు లేదు, వెనక గోడ లేదు, పక్క సీటుకు తల ఆన్చే భాగం కనపడింది. ఎడమపక్క అద్దంలోకి చూశాను. అందులో ఆకాశం.

"గుద్దుడికి తిరిగిపోయి ఉంటాయి," కిందినుంచి అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రెండూనా? ఒకటి ఇటు, ఒకటి అటు, మీ కోసం పని పెట్టుకుని తిరిగాయా?"

దిగి, చుట్టూ తిరిగి, పక్క సీట్లోకి ఎక్కాను. కూర్చోగానే నా ఒళ్లు మండింది. ఎడమ అద్దంలో వ్యాను పొడవునా, వెనక గేటు దాకా, అంతా కనపడుతోంది. ఇటునుంచి చూస్తే కుడి అద్దంలో కుడిపక్క రోడ్డు మొత్తం ఉంది. రెండు అద్దాల బోల్టులూ బిగించి, మీద రంగు వేసి ఉన్నాయి. ఆ రంగు నిన్నటిది కాదు, దుమ్ము పట్టిన పాత రంగు. నా ముందున్న డాష్‌బోర్డు మీద ఎడమ అంచున రంగు అరిగిపోయింది. ఎవడో రోజూ అక్కడ చెయ్యి ఆన్చి కిటికీలోంచి బయటికి వంగుతున్నాడు.

"ఎక్కండి," అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో. "మీరే కూర్చుని చూడండి."

ఎక్కాడు. చూశాడు. అటూ ఇటూ జరిగి మళ్లీ చూశాడు.

"ఈ బండిని ఒకడు నడుపుతాడు. చుట్టూ చూసేవాడు ఇంకొకడు," అన్నాను. "నిన్న రెండోవాడు ఈ సీట్లో లేడు."

మేనల్లుణ్ణి చిన్న గదిలో కూర్చోబెట్టారు. పొట్టి మనిషి, బొటనవేలి గోరు కొరుక్కుంటున్నాడు. మేం లోపలికి రాగానే ముందు గోడ గడియారం వైపు చూశాడు.

"సార్, మూడింటికల్లా పంపించేస్తామన్నారు."

"పంపిస్తాం. ఈయనేదో అడుగుతాడట, చెప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నిన్న ఆ మోటారుసైకిలాయన నీకు ఎప్పుడు కనపడ్డాడు?" అని అడిగాను.

"కనపడలేదండీ. అదే కదా చెబుతున్నా. గుద్దాకే తెలిసింది."

"గుద్దాక దిగావా?"

"దిగాను. దగ్గరికెళ్లి చూశాను."

"ఎలా పడి ఉన్నాడు?"

"వెల్లకిలా అండీ. మొహం పైకి."

"ఏం తొడుక్కున్నాడు?"

"నల్ల కోటు. అంతా నలుపే. అందుకే కనపడలేదు."

"జిప్పు తెరిచి ఉందా, మూసి ఉందా?"

"మూసే ఉందండీ, మెడ దాకా. ఇక్కడ చిన్న ఎర్ర పట్టీ కూడా ఉంది." తన ఎడమ రొమ్ము మీద వేలు పెట్టి చూపించాడు. బాగా గుర్తుందని మేం నమ్మాలని అతని ఆరాటం.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కదిలాడు. అతనికి అర్థమైంది. నేను కోటు తెచ్చి మేనల్లుడి ముందు పడేశాను, పసుపు వైపు పైకి.

"వెల్లకిలా పడ్డవాడి గుండె మీద ఇది ఉందిరా. ఇంత పెద్దది. నువ్వు చెప్పిన జిప్పూ ఎర్ర పట్టీ ఆయన వీపు కింద ఉన్నాయి. వాటిని నువ్వు రోడ్డు మీద చూడలేదు. ఈ పొద్దున సార్ బల్ల మీద చూశావు. ఆ మనిషిని నువ్వసలు చూడనేలేదు."

అతను గోరు కొరకడం ఆపేశాడు. "టైమెంతైంది సార్?"

"టైముతో నీకేం పని? వ్యాను ఎవడు నడిపాడు?"

"నేనే."

"కుడి అద్దంలో ఏం కనపడింది తిరిగేటప్పుడు?"

"రోడ్డు..."

"డ్రైవరు సీట్లోంచి చూస్తే ఆ అద్దంలో రోడ్డు లేదు. పక్క సీటే ఉంది. నీ సీటు."

అతను గడియారం చూశాడు, తలుపు చూశాడు, మళ్లీ గడియారం చూశాడు. మొహం తెల్లబోయింది. ఆ భయం నన్ను చూసి కాదు. అప్పుడు నాకు తట్టాల్సింది. తట్టలేదు.

"తప్పు నాదే సార్. ఉరి వేసుకోమంటే వేసుకుంటా. నన్ను ఒక్క గంట వదలండి, మళ్లీ వచ్చి కూర్చుంటా."

"ఎందుకు?"

"బడి వదిలేస్తారు సార్!" అని గట్టిగా అరిచాడు. "మావయ్య ఒక్కడే బస్సు తీస్తాడు. నేను పక్కన లేకపోతే ఆయనకేం తెలియదు."

"ఏం తెలియదురా?"

"చూపు లేదు సార్ ఆయనకి. ఎదురుగా గొట్టంలోంచి చూసినట్టు కొంచెమే ఉంది. పక్కలు లేవు. కొన్నేళ్లుగా ఇంతే. నేను పక్కన కూర్చుని చెబుతుంటా. ఎడమ సైకిలు, కుడి మనిషి, ఆగు మావయ్యా, పో మావయ్యా అని. నా మాట మీదే నడుపుతాడు. ఇంట్లో అత్తకు కూడా తెలియదు."

"నిన్న?"

"బ్రెడ్డు ట్రేలు దించడానికి కొట్టు దగ్గర దిగాను. అవతల పక్కకి తిప్పి పెడతానన్నాడు. వద్దు మావయ్యా, వస్తున్నా ఉండు అన్నా. ఈ కాస్త దూరానికి నువ్వెందుకురా అన్నాడు. చప్పుడు విని పరుగెత్తుకొచ్చేసరికి నన్ను దగ్గరికి రానివ్వలేదు, ఇంటికి పొమ్మన్నాడు. తను మాత్రం రాత్రంతా ఆస్పత్రి మెట్ల మీదే కూర్చున్నాడు. నేను దిగబట్టే కదా సార్? ఆయన కళ్లు నేను. కళ్లే దిగిపోతే ఆయనేం చేస్తాడు?"

"ఏం చేస్తాడా? తాళం తీసి అవతల పారేస్తాడు!" అని అరిచింది మాస్టారి అక్క. ఆమె తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నది. "మీరిద్దరూ కలిసి ఇన్నాళ్లు గుడ్డితనం నడిపారు రోడ్డు మీద. మా వాడు పసుపు కడితే ఏంటి, లైటు పెడితే ఏంటి? చూసేవాడికి కదా కనపడేది!"

మేనల్లుడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నాకు జాలి కలగలేదు.

"ఫోను చెయ్యి మీ మావయ్యకు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆయన ఫోను కూడా నా దగ్గరే ఉంటుంది సార్. మీరు తీసుకున్న రెండు ఫోన్లలో ఒకటి ఆయనదే."

ఇన్‌స్పెక్టర్ బడికి ఫోను చేశాడు. బస్సు బయల్దేరిపోయిందన్నారు. పిల్లలు నలభై మందికి పైనే. ఫోను పెట్టేసి నా మీదికి తిరిగాడు.

"మూడింటికే వీణ్ణి వదిలేసేవాణ్ణి. మీరు కోటు, కోటు అని కూర్చోబట్టి ఆపాను. ఆ పిల్లలకేమైనా అయితే..."

"వదిలేసి ఉంటే ఇద్దరూ కలిసి ఇంకో పదిమందిని చంపేదాకా నడిపేవాళ్లు. మీరు అద్దాలు చూసి ఉంటే పొద్దున్నే బస్సుకు తాళం పడేది. తర్వాత కొట్టుకుందాం. జీపేది?"

జీపు ఏదో పని మీద బయటికి పోయింది. ఇన్‌స్పెక్టర్ సొంత మోటారుసైకిలు ఉంది. మాస్టారి అక్క స్కూటరు ఉంది. మేనల్లుడు ఏడుస్తూనే బస్సు దారి చెప్పాడు. మిల్లు రోడ్డు మీదుగా వచ్చి, రైలు గేటు దాటి, మొదటి పిల్లల్ని దించుతుంది. మిల్లు రోడ్డు స్టేషనుకు దగ్గరే.

ఇన్‌స్పెక్టర్ ముందు పోయాడు. ఆమె నాకు హెల్మెట్ ఇచ్చింది. "కట్టుకోండి. ఊరికే నెత్తిన పెట్టుకోవడం కాదు, పట్టీ బిగించండి," అంది. తమ్ముడు మాట్లాడినట్టే ఉంది. స్కూటరు లైటు వేసింది. ఎండ ఇంకా తగ్గలేదు. అయినా వేసింది.

మిల్లు రోడ్డు ఎక్కేసరికి దూరంగా బస్సు వస్తోంది. రోడ్డు నడిమధ్యన, నిటారుగా, ఎటూ జరగకుండా. ఎదురొచ్చే లారీ ఒకటి తిట్టుకుంటూ పక్కకు దిగిపోయింది. బస్సు వేగం తగ్గలేదు. డ్రైవరు తల కదలడం లేదు. మేకు కొట్టినట్టుంది.

ఇన్‌స్పెక్టర్ బస్సును దాటి వెనక్కి తిరిగి, డ్రైవరు కిటికీ పక్కకు తన బండిని తెచ్చాడు. ఒక చెయ్యి ఊపుతూ, ఆపు, ఆపు అని గొంతు చించుకుంటున్నాడు. కిటికీకి చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ఇంజను రొదలో ఆ అరుపు ఎక్కడ కలిసిందో. లోపలి మనిషి అటు తిరగలేదు.

"పక్కన పోకండి సార్! పక్కన పోకండి!" ఆమె అరిచింది. అంత దూరానికి వినపడదని తెలిసీ అరిచింది.

బస్సు కొంచెం కుడికి వాలింది. గుంట తప్పించడానికి కాబోలు. ఇన్‌స్పెక్టర్ బండి రోడ్డు అంచుకు, అంచు దాటి మట్టిలోకి, అక్కడినుంచి ఇసకకుప్ప మీదికి పోయింది. అతను ఎగిరి అవతల పడ్డాడు. బస్సు ఆగలేదు. తన పక్కన ఒక మనిషి ఉండేవాడనీ, ఇప్పుడు లేడనీ ఆ డ్రైవరుకు తెలియనే తెలియదు.

అతను మోచేతుల మీద లేవడం చూశాను. బతికే ఉన్నాడు. ఖాకీ చొక్కా, పెద్ద గొంతు, ఇనప నక్షత్రాలు, ఏదీ పని చేయలేదు.

ఆమె స్కూటరును నడిరోడ్డు మీద ఆపింది. బస్సు వచ్చే గీత మీదనే, సరిగ్గా ఎదురుగా.

"దిగండి," అంది నాతో.

"మీరు?"

"ఆయనకి మిగిలిన చూపంతా ఇక్కడే ఉంది. ఇంకెక్కడ నిలబడ్డా లాభం లేదు. దిగండి సార్, మీరు పక్కకు పొండి."

నేను దిగాను. పక్కకు పోలేదు. ఆమె లైటును ఎక్కువ వెలుగుకు మార్చి, ఆర్పుతూ వెలిగిస్తూ, హారను మీద బొటనవేలు నొక్కి పట్టింది. నేను నా తెల్ల చొక్కా విప్పి, రెండు చేతులతో తల మీద విసరసాగాను. బస్సు కిటికీల్లో పిల్లల తలలు కనపడుతున్నాయి. ఒకమ్మాయి మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. ఆటనుకుంది.

డ్రైవరు మొహం ఇప్పుడు స్పష్టంగా ఉంది. తెల్ల మీసం, నుదుటి మీద చెమట. ముందుకు వంగాడు. కళ్లు చికిలించాడు. ఆ కళ్లు మా మీద పడ్డాయి, ఆమె మొహం మీద ఆగాయి. నిన్న రాత్రంతా ఆస్పత్రి మెట్ల మీద తనకు ఎదురుగా కూర్చున్న ఆడమనిషిని అతను గుర్తుపట్టాడు. పెదవులు కదిలాయి.

అతని కాలు బ్రేకు మీద పడటం కోసం ఎదురుచూశాను, ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గాను.

ఈసారి మేం కనపడ్డాం. కనపడ్డాకే, కళ్లు మా మీదే పెట్టి, బస్సు వేగం పెంచాడు.